స్వామి పంచెలో నా అతుకులు

“అతికిందా బిడ్డా?” అని అడిగాడు మా బాపు.

“అతికింది బాపూ,” అన్నాను.

“ముడి తగుల్తలేదు గద?”

“తగుల్తలేదు. నున్నగుంది.”

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. అప్పటికి ఆయనకు చూపు పోయి మూడేళ్ళు. మంచం మీద పడుకుని, కప్పుకున్న దుప్పటి అంచును రెండు వేళ్ళతో మెలిపెడుతున్నాడు. ఆయన మగ్గాన్ని వదిలి ఎన్నో ఏళ్ళయింది కానీ ఆ వేళ్ళు మాత్రం వదల్లేదు. నేను వంటింట్లోకి పోయి గంజి తెచ్చేసరికి వేళ్ళు ఆగిపోయి ఉన్నాయి. ముసలాయన మతి తప్పి ఏదో అన్నాడని చుట్టుపక్కలవాళ్ళు అనుకున్నారు. ఆయన ఏ దారం గురించి అడిగాడో నాకు తెలుసు. అది చెప్పాలనే ఈ రోజు నా మనవరాలిని కూర్చోబెట్టి రాయిస్తున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. గొంతు కూడా బొంగురుపోయింది. ఒక్కో మాట రెండుసార్లు చెప్పించుకుని రాస్తోంది పాపం.

నా చిన్నప్పుడు మేము చొప్పదండిలో ఉండేవాళ్ళం. ఇల్లంతా ఒకటే గది. అందులో సగం మగ్గం, మిగిలిన సగంలో మేము ముగ్గురం. బాపు, నాయనమ్మ, నేను. మా అవ్వ నన్ను కన్న ఏడాదికే పోయింది. ఆమె మొహం నాకు తెలియదు. నన్ను బాపే పెంచాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని, నన్ను ఒళ్ళో వేసుకుని నేసేవాడట. దారం మోసే నాడె పడుగులో అటు నుంచి ఇటు పోతుంటే నేను దానికేసి చూస్తూ నిద్రపోయేదాన్నట. అన్నం పెట్టేటప్పుడు నేను సగం నమిలి ఉమ్మేసిన ముద్దను పారేయకుండా తన నోట్లో వేసుకునేవాడట. నాయనమ్మ ఈ మాట చెప్పి చెప్పి నవ్వేది. “ఎంగిలిరా, ఛీ అంటే వినకపోదువు. నా బిడ్డదే గదనే అవ్వా అందువు” అని బాపును ఎత్తిపొడిచేది. ఈ ముద్ద సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మా ఇంట్లో ఒక మొక్కు ఉండేది. మా తాతల నాటి నుంచీ వస్తున్నదే. ప్రతి ఏడూ ధర్మపురి జాతరకు ముందు, నరసింహస్వామికి ఒక పంచె, ఒక కండువా మా మగ్గం మీద నేసి తీసుకుపోవాలి. అమ్మకానికి నేసే బట్ట వేరు, ఇది వేరు. ఆ తొమ్మిది రోజులూ పొద్దున్నే తలస్నానం చేసి మగ్గంలో కూర్చోవాలి. రోజుకు ఒక్క పూటే తినాలి, అదీ ఆ నాటి నేత ముగిశాకే. అన్నిటికన్నా గట్టి నియమం ఇంకొకటి ఉంది. అది చేనేత ఇళ్ళలో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది.

దారం తెగుతూ ఉంటుంది. తెగినప్పుడు ముడి వేస్తే అది బట్టలో బుడిపెలా తగులుతుంది. అందుకని రెండు కొసలూ కలిపి, తడిచేసి, వేళ్ళ మధ్య మెలిపెట్టి అతకాలి. తడి ఎక్కడి నుంచి వస్తుంది? నాలుక మీది నుంచే. వేలు నోటికి తగిలించడం, దారం మెలిపెట్టడం, ఇది మాకు రెప్ప వేసినంత అలవాటు. ఆలోచించి చేసేది కాదు. కానీ స్వామి బట్టకు ఆ పని చేయకూడదు. దేవుడి ఒంటి మీదికి పోయే బట్టలో ఎంగిలి పడకూడదు. అందుకని ఒక చిన్న ఇత్తడి గిన్నెలో గోదావరి నీళ్ళు పోసి పక్కన పెట్టుకునేవాళ్ళం. వేలు ఆ నీళ్ళలో ముంచి అతకాలి.

నాకు ఎనిమిదేళ్ళు నిండిన ఏడు, మొట్టమొదటిసారి స్వామి బట్టకు కండెలు చుట్టే పని నాకు ఇచ్చారు. కండె అంటే నాడెలో పెట్టే చిన్న పుల్ల. చిలపగా కట్టిన నూలును రాట్నం తిప్పుతూ దాని మీదికి చుట్టాలి. అంతకుముందు ఆ పని నాయనమ్మదే. ఆమెకు చూపు ఆనక నాకు వచ్చింది. నేను మురిసిపోయాను. ఇత్తడి గిన్నె నా పక్కన పెట్టి నాయనమ్మ వేలు ఆడించి చెప్పింది. “పొల్లా, నోట్లె వేలు పెట్టినవో, స్వామి ఊకోడు. పైలం.”

స్వామి అంటే నాకు మామూలు భయం కాదు. మా గోడకు ఒక పటం ఉండేది. అందులో స్వామి కోరలు, గోళ్ళు, ఒళ్ళో పడి ఉన్న ఆ మనిషి, ఎర్రగా జారే పేగులు. నేను ఆ గోడ వైపు కాళ్ళు కూడా చాపేదాన్ని కాదు. దానికి తోడు నాయనమ్మ చెప్పిన మాట ఒకటి నా కడుపులో రాయిలా ఉండేది. మా అవ్వ మంచాన పడ్డ ఏడు, బాపు ఆమె దగ్గరే ఉండిపోయి స్వామి బట్ట సమయానికి నేయలేదట. జాతర దాటిపోయిందట. ఆ నెలలోనే అవ్వ పోయింది. “మొక్కు దప్పితె స్వామి గుంజుకపోకుంట ఇడుస్తడా?” అనేది నాయనమ్మ. బాపు వింటే కసురుకునేవాడు కాబట్టి ఆయన లేనప్పుడే అనేది.

మూడో రోజు పొద్దున సంగతి. రాట్నం తిప్పుతుంటే ఎందుకో గిన్నె వైపు చూశాను. నీళ్ళ మీద నూలు దుమ్ము తెల్లగా తెట్టె కట్టి ఉంది. పాల మీద మీగడ కట్టినట్టు, ఎక్కడా చెదరకుండా ఉంది. ఆ తెట్టె మీద ఒక దోమ చచ్చి పడి ఉంది. రాట్నం ఆపేశాను. చెయ్యి పడిన నీళ్ళయితే అట్లా తెట్టె కట్టవు. రెండు రోజులుగా దారం ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు అతికానో! ప్రతిసారీ నాలుకకే వేలు తగిలించాను. గిన్నె సంగతే మరిచిపోయాను.

ఎవరూ చూడకుండా వేలు ముంచి ఆ తెట్టెను చెదరగొట్టాను. మిగిలిన కండెల దారాన్ని నీళ్ళతోనే అతికాను. కానీ అంతకుముందు చుట్టినవి బుట్టలో కలిసిపోయి ఉన్నాయి. ఏది ఏదో తెలియదు. చెబుదామంటే నోరు రాలేదు. గోడ మీద పటం నన్నే చూస్తున్నట్టు ఉంది.

ఆ రోజు నుంచే బాపు ఆ ఒక్క పూట కూడా తినడం మానేశాడు. సాయంత్రం ఒక చెంబెడు బెల్లం నీళ్ళు తాగి లేచేవాడు. నాయనమ్మ జొన్న గట్క కలిపి పెట్టి బతిమాలేది. “ఏం రోగమొచ్చిందిరా నీకు? మీ తాత చేసిండా గిట్ల, మీ బాపు చేసిండా?” అని తిట్టేది. “ఈ యేడు గిట్లనే అనిపిచ్చిందే అవ్వా,” అని ఊరుకునేవాడు. నాతో మాత్రం ఎప్పటిలాగే నవ్వుతూ మాట్లాడేవాడు. ఐదో రోజుకు బుగ్గలు లోపలికి పోయాయి. ఏడో రోజు నాడెను రెండుసార్లు జారవిడిచాడు. తొమ్మిదో రోజు, ఆఖరి జాన నేసి లేవబోతూ కళ్ళు తిరిగి గోడకు చేరబడ్డాడు. సరిగ్గా ఆ పటం కిందే.

అప్పుడు నాకు అర్థమయిపోయింది. అవ్వను తీసుకుపోయినట్టే స్వామి ఇప్పుడు బాపును కొద్ది కొద్దిగా తీసుకుపోతున్నాడు. నా ఎంగిలికే. ఎనిమిదేళ్ళ పిల్ల బుర్రకు ఇంకేం తోస్తుంది?

మర్నాడే ధర్మపురి ప్రయాణం. నాయనమ్మ మోకాళ్ళ నొప్పులతో రాలేదు. బాపు చేతిలో చిన్న నూనె సీసా పెట్టి, “యముని దీపంల పొయ్యి, గండం పోతది,” అంది. ధర్మపురిలో స్వామి గుడి ఆవరణలోనే యమధర్మరాజుకూ ఒక గుడి ఉంది. అక్కడ గండదీపం వెలుగుతూ ఉంటుంది. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తుందనుకుంటే అందులో నూనె పోస్తారు. ఆ గండం ఎవరిదో నాయనమ్మ చెప్పలేదు. చెప్పాలా? బాపు గుంటలు పడ్డ కళ్ళు చూస్తే తెలియడం లేదా?

బస్సులో బాపు కొత్త వెదురు గంపను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. దాన్ని కింద పెట్టకూడదు. పక్క సీటులో మిరపకాయల మూటతో ఒకామె కూర్చుంది. నోటికి తాళం లేని మనిషి.

“ఏందన్నా, గంత పైలంగ పట్టుకున్నవ్? గంపల కోడిపిల్లలున్నయా?” అంది.

“కొత్తబట్టలక్కా.”

“ఎవలకు? పెండ్లి గిట్ల ఉన్నదా?”

“మా బాపుకు,” అన్నాడు.

“ఓయబ్బ, బాపుకు బట్టలు బెట్టే కొడుకును ఇన్నొద్దులకు చూసిన. మా ఇంట్ల ఉన్నరు ఇద్దరు, అంగి గుండీ కూడ కుట్టియ్యరు!” అని ఆమె బస్సంతా వినబడేలా నవ్వింది. బాపూ నవ్వాడు. నేను మాత్రం ఆయన మొహంలోకి చూశాను. మా తాత నేను పుట్టకముందే పోయాడు కదా. చనిపోయిన తాతను తలుచుకుంటున్నాడంటే ఈయనకు ఏదో అవుతోందని నా భయం రెట్టింపయింది.

ధర్మపురిలో దిగి గోదారి ఒడ్డుకు పోయాం. ఎండ ఇంకా ఎక్కలేదు. బాపు గంపను నా తల మీద పెట్టి, తాను మెడ లోతు నీళ్ళలోకి దిగి మూడు మునకలు వేశాడు. ఒక్కో మునకకూ నేను ఊపిరి బిగబట్టాను, మళ్ళీ పైకి వస్తాడో రాడో అని. తడి బట్టలతో మెట్లెక్కి వచ్చి గంప అందుకుని, “పా బిడ్డా. ముందుగాల యమధర్మరాజుకు మొక్కి దీపంల నూనె పోద్దాం,” అన్నాడు.

నేను ఆయన కాళ్ళు చుట్టేసుకున్నాను. రెండు చేతులతో, ఊడిరానంత గట్టిగా.

“వద్దు బాపూ! నువ్వు యముని తానికి పోవద్దు! తప్పు నాదే, నన్నే తీస్కపొమ్మను!”

మెట్ల మీద స్నానాలు చేస్తున్నవాళ్ళంతా తిరిగి చూశారు. బాపు అక్కడే చతికిలబడి గంపను ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో నన్ను దగ్గరికి తీసుకున్నాడు. నేను ఎక్కిళ్ళ మధ్య అంతా చెప్పేశాను. గిన్నె, తెట్టె, నాలుక మీద వేలు, చెదరగొట్టిన నీళ్ళు. చెప్పడం అయ్యాక కళ్ళు గట్టిగా మూసుకున్నాను, దెబ్బ పడుతుందని.

దెబ్బ పడలేదు. గంప మూత తీసిన చప్పుడైంది. కళ్ళు తెరిచాను. బాపు పంచె మడత కొద్దిగా విప్పి, బొటనవేలితో మెల్లగా తడుముతున్నాడు. ఒక చోట ఆగాడు. నా వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు.

“ఇగో, ఇది నీ అతుకు. జర లావుగున్నది. గీడ ఇంకోటి. గీడొకటి. నేసేటప్పుడే నా చేతికి తాకినయ్ బిడ్డా.”

“నీకెర్కేనా?”

“మూడో నాడు పొద్దుగాలనే సూసిన గిన్నెను. నువ్వు లేవకముందుకే.”

“మరి నన్నెందుకు తిట్టవైతివి? ఆ కండెలెందుకు పారెయ్యవైతివి?”

బాపు పంచెను మళ్ళీ మడతపెట్టి గంప మూత వేశాడు. తర్వాత అన్న మాటలు నేను ఇన్నేళ్ళలో ఎంతమందికి చెప్పానో! ఒక్క అక్షరం కూడా మారకుండా చెబుతున్నాను, మనవరాలా, అట్లాగే రాయి.

“పారేస్తె నీకెరుకైతుండె. ఎరుకైతె మళ్ళ జన్మల రాట్నం ముట్టకపోదువు. నీ నోట్లె ముద్ద నేను తిన్న బిడ్డా. నాకు రోత పుట్టలే. నేను ఒక్క పొల్లకు బాపును. ఆయన అందరికి బాపు. నాకు పుట్టని రోత ఆయనకు పుడ్తదా?”

అప్పుడు బస్సులో అన్న మాట నాకు తట్టింది. బట్టలు తీసుకుపోతున్న ఆ బాపు ఎవరో తెలిసింది. కానీ నా అనుమానం తీరలేదు. పిల్లల అనుమానాలు అంత తొందరగా తీరవు.

“మరి రోత పుట్టకపోతె నువ్వెందుకు ఉపాసమున్నవ్?”

ఈ ప్రశ్నకు మా బాపు తల వంచుకున్నాడు. సిగ్గుపడ్డట్టుగా నవ్వాడు.

“ఏమో బిడ్డా. నేనేం చదువుకున్నోన్నా? ఒకవ్యాళ ఆయనకు కోపం వస్తె గది నా మీదికి రావాలె గని నీ మీదికి రావద్దు గద. గందుకే, అన్నం నేను తినను, పొల్ల జోలికి రాకు స్వామీ అన్న.”

చూశారా? మా బాపుకు కూడా భయమే. ఆయనకు అంతా తెలిసి ధైర్యంగా ఉన్నాడని నేను చెప్పను. స్వామి తండ్రే అని నమ్మాడు, అయినా ఏమవుతుందోనని ఏడు రోజులు కడుపు మాడ్చుకుని నాకూ ఆ పటానికీ మధ్య నిలబడ్డాడు. నమ్మకమూ భయమూ ఒక్క మనిషిలోనే, పడుగూ పేకా లాగా. పెద్దయ్యాక నాకు అనిపించింది, ఆ రోజు నాకు స్వామి గురించి తెలిసింది ఆయన మాటల వల్ల కాదు. ఆ గుంటలు పడ్డ బుగ్గల వల్లే. కోపం వస్తే తన మీదికి రమ్మని అడ్డం నిలబడేవాడు తండ్రి. మనిషి తండ్రే ఇట్లా ఉంటే, ఈ మనిషిని చేసినవాడు ఎట్లా ఉంటాడు?

నూనె సీసా నా చేతికే ఇచ్చాడు. “గండం నాదనుకున్నవా? మీ నాయినమ్మ ఇచ్చింది నీ కోసం. మొన్న ఎండల్ల నీకు జెరమొచ్చింది గద,” అన్నాడు. గండదీపంలో నేనే నూనె పోశాను. సగం ఆయన పేరు మీద పోశాను, ఆయనకు చెప్పకుండా.

గర్భగుడి ముందు పూజారి గంప అందుకుని, “ఎవరు నేశారయ్యా?” అని అడిగాడు. బాపు నన్ను ముందుకు తోసి, “నేను, నా బిడ్డ,” అన్నాడు. నా పేరు కూడా స్వామి ముందు చెప్పించాడు. పూజారి కండువా విప్పి స్వామి భుజాన వేసి, పంచెను పాదాల దగ్గర పరిచాడు. నేను మొట్టమొదటిసారి కళ్ళు మూసుకోకుండా స్వామి మొహంలోకి చూశాను. కోరలు ఉన్నాయి, పెద్ద కళ్ళూ ఉన్నాయి. కానీ ఆ కోపం నా వైపు లేదు. నా వెనక ఇంకెవరి మీదో ఉన్నట్టుంది, నన్ను ఎవరైనా ఏమైనా చేస్తారేమోనని చూస్తున్నట్టుంది. నా అతుకులు ఆ పంచెలో ఎక్కడున్నాయో నాకు కనబడలేదు. ఆయన పాదాల మీద ఎక్కడో ఉన్నాయి, అంతే.

బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాం. ఆకులో పులిహోర ప్రసాదం పెట్టారు. నాకు ఆకలి దంచేస్తోంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాక బాపు గుర్తొచ్చాడు. ఏడు రోజులు తినని మనిషి, నేను తినడమే చూస్తూ కూర్చున్నాడు. కొరికిన ముద్దనే తీసి ఆయన నోటి దగ్గర పెట్టాను. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకోబోయాను, ఎంగిలి అని. బాపు నా మణికట్టు పట్టుకుని ఆ ముద్ద తిన్నాడు. నమిలేటప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరపకాయ తగిలిందన్నాడు.

నాకు పెళ్ళయింది, పిల్లలయ్యారు. మా ఆయన సాంచెల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను మా వైపు సాంచెలంటారు. ఆ దుమ్ముకే ఆయన ఊపిరి చెడి చిన్న వయసులోనే పోయాడు. నా బొట్టు తీసిన రోజు ఇంటికి వచ్చినవాళ్ళలో ఒకరు నా చెవిలో పడేలా అన్నారు, “ఏ జన్మల ఏం తప్పు చేసిందో, స్వామి గిట్ల చేసిండు,” అని. ఎనిమిదేళ్ళప్పటి రాయి మళ్ళీ కడుపులోకి వచ్చి కూర్చుంది. చాలా రోజులు దీపం పెట్టలేదు. ఎవరి ముఖమూ చూడలేదు. ఒక రోజు బాపు వచ్చాడు. గట్క కలిపి, మొదటి ముద్ద నా నోట్లో పెట్టి, నేను మింగలేక ఉమ్మేస్తే అది తీసి తన నోట్లో వేసుకున్నాడు. అప్పటికి నాకు ముప్పై దాటాయి. ఆయన తల నెరిసింది. ఆ రోజే మళ్ళీ దీపం పెట్టాను. మా ఆయన ఎందుకు పోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసిందని ఎవరైనా అంటే నమ్మను. కానీ నన్ను శిక్షించడానికి మాత్రం కాదని తెలుసు. తండ్రి అట్లా చేయడు.

ఆ ఇత్తడి గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది. దేవుడి గూట్లో పెట్టి రోజూ నీళ్ళు పోస్తాను. ఒక్కోనాడు మరిచిపోతాను, దుమ్ము తెట్టె కడుతుంది. అప్పుడు వేలు పెట్టి చెదరగొట్టను. అట్లాగే చూస్తూ కాసేపు కూర్చుంటాను. చూసేవాడు నేను లేవకముందే చూసే ఉంటాడు. బాపు చివరి రోజు అడిగింది ఈ అతుకుల గురించే. నున్నగుంది అని నేను చెప్పింది అబద్ధం కాదు. అన్నేళ్ళకు నిజంగానే నున్నబడింది.

అయిపోయిందా బిడ్డా రాసుడు? ఏంది, తప్పులు పడ్డయని కొట్టేస్తున్నవా? కొట్టెయ్యకు. నీ చేతిరాతనే గద, ఉండనీ. ఇగ మొదటికెళ్ళి చదువు, మెల్లగ. బాపు అతికిందా అని అడిగిన కాడ జర ఆగు, జవాబు నేను చెప్త.